తప్పెట కాగేలోపు

ఊ కొట్టేవాళ్ళుంటేనే కథ నడుస్తుంది. కొట్టారు కదా, ఇక వినండి.

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు బొంగరాలాడుకునే కాలంలో, తొమ్మిదిగుండ్లపల్లె అని ఒక ఊరు. ఊరి చుట్టూ తొమ్మిది గుండ్లు. ఏనుగంతవి మూడు, ఇల్లంతవి మూడు, ఎవరూ ఎక్కలేనివి మూడు. ఊళ్ళో నూట పన్నెండు గడపలు. ఊరి బయట మరో పదకొండు గుడిసెలు. ఆ పదకొండింటిలో చివరిది మారెన్నది.

మారెన్న పని చాటింపు వేయడం. రేపు కాలువ పూడిక తీయాలన్నా, ఎవరైనా కన్నుమూసినా, ఎవరి ఎద్దైనా తప్పిపోయినా, తప్పెట కొట్టి ఊరూరా చెప్పేది మారెన్నే. ఆయనకు అక్షరం ముక్క రాదు. తప్పెట ఒకటి, రెండు పుల్లలు, మంచి గొంతు. అదీ ఆస్తి.

తప్పెటకు మేకతోలు బిగిస్తారు. చల్లబడితే తోలు వదులైపోయి బద్ద బద్దమంటుంది. పక్కింటికి కూడా వినపడదు. అందుకని కొట్టే ముందు నాలుగు గడ్డిపరకలు మంటేసి, ఆ సెగకు కాచాలి. కాగేలోపు మారెన్న ఖాళీగా కూర్చునేవాడు కాదు. వచ్చినవాళ్ళను మూడు ప్రశ్నలు అడిగేవాడు.

చూస్తే ఎట్లుంది? వింటే ఎట్లుంది? అట్లాంటిది వినేవాడి ఇంట్లో ఏముంది?

ఒకసారి కొండారెడ్డి బర్రె తప్పిపోయింది. రొప్పుతూ వచ్చాడు.

“మారెన్నా, నా బర్రె కనపడలేదు. తొందరగా చాటు.”

“ఎట్లుంటుంది రెడ్డోరూ?”

“నల్లగా ఉంటుంది.”

“తెల్ల బర్రెను నేనింతవరకూ చూడలే రెడ్డోరూ. కూర్చోండి, తప్పెట కాగాల. చూస్తే ఎట్లుంది? వింటే ఎట్లుంది? అట్లాంటిది వినేవాడి ఇంట్లో ఏముంది?”

తప్పెట కాగేసరికి మాట తయారైంది. మారెన్న వీధుల్లో పడ్డాడు. డం డం డం.

“ఒక కొమ్ము సంగటి తెడ్డు, ఒక కొమ్ము కొడవలి. నుదుట పిండిచేత్తో చరిచినట్టు మచ్చ. అరిస్తే తుప్పుపట్టిన గడియ. చూసినోళ్ళు చెప్పండహో.”

మధ్యాహ్నం సంగటి వేళకు బర్రె ఇంటికొచ్చింది. పక్క ఊళ్ళో ఒక ముసలమ్మకు చూపు ఆనదు. గడియ కిర్రుమన్న చప్పుడు విని, ఇదే ఆ బర్రె అని పట్టి కట్టేసిందట.

అట్లా మారెన్న ఇరవై ఏళ్ళలో నూట నలభై మూడు పశువులనూ, ఏడు మేకపోతులనూ, అలిగి వెళ్ళిపోయిన ఒక మామగారినీ ఇల్లు చేర్చాడని లెక్క. మామగారిని ఎందుకు చేర్చావని ఆ ఇంటి కోడలు మాత్రం చాలాకాలం మారెన్నతో మాట్లాడలేదు.

అదే ఊళ్ళో, ఇల్లంత గుండు ఒకదాని నీడన తాటాకు పందిరి. అది బడి. బడికి అయ్యవారు వెంకోబయ్య. పిల్లలు ఇరవై ఒక్కరు. వెంకోబయ్య మంచివాడే. పద్యమంటే ప్రాణం పెట్టేవాడు. పద్యం రావాలంటే పోలిక రావాలి, పోలిక రావాలంటే పెద్దలు వాడిన పోలికలన్నీ నోటికి రావాలి అని ఆయన నమ్మకం. నూట ఎనిమిది పోలికలు ఏరి తాటాకుల మీద రాసుకున్నాడు. రోజుకు మూడు చొప్పున ముప్పై ఆరు రోజుల చదువు. ముప్పై ఏడో రోజు మళ్ళీ మొదటి నుంచి.

“ముఖానికి?” అని ఆయన అడిగితే, “చంద్రబింబం” అని ఇరవై ఒక్క గొంతులు.

“కళ్ళకి?”

“తామర రేకులు.”

“నడకకి?”

“హంస.”

ఆ ఊరికి నాలుగు ఆమడల లోపల తామరపువ్వు లేదు. హంసను చూసినవాడు ఊళ్ళో లేడు, ఊరవతలా లేడు. చంద్రుణ్ణి అందరూ చూశారు. కాని ఎవరి ముఖంలోనూ చూడలేదు.

మారెన్న పందిరి కిందికి రాకూడదు. ఆ కాలం అట్లాంటిది, ఆ ఊరూ అట్లాంటిదే. అటు పోతూ పోతూ బయట బండ దగ్గర నిలబడి వినేవాడు. ఒక రోజు పిల్లలు “నడకకి హంస” అనగానే ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు గాని ఆగలేదు.

“ఏరా, ఎందుకు నవ్వావు?” అన్నాడు వెంకోబయ్య.

“తప్పయిపోయింది సామీ.”

“తప్పు సరే. ఎందుకు నవ్వావు?”

“ఏం లేదు సామీ. ఆ హంస తప్పిపోతే చాటింపు ఎట్లా వెయ్యాలా అని ఆలోచించినా. నడక ఎవరిలాగా ఉంటుందని చెప్పాల?”

పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. వెంకోబయ్య చెవులు ఎర్రబడ్డాయి.

“నువ్వు పోయి బర్రెల్ని వెతుక్కోరా,” అన్నాడు.

మారెన్న వెళ్ళిపోయాడు. కాని ఆ మాట వెంకోబయ్య చెవిలో దూరిన దోమలా రెండు రోజులు రొద పెట్టింది.

వెంకోబయ్యకు ఒక్కతే బిడ్డ. పేరు అచ్చమ్మ. నాలుగేళ్ళు. ఇంట్లో అచ్చి అని పిలుస్తారు. తండ్రికి పిల్లంటే పిచ్చి ప్రేమ. ఒళ్ళో కూర్చోబెట్టుకుని “నా చంద్రబింబం” అనేవాడు. తల్లి తుంగమ్మ మాత్రం, “చంద్రబింబం ముక్కు కాస్త తుడవండి,” అనేది.

ఆ ఏడు మాఘమాసంలో కొండ కింద జాతర జరిగింది. ఏ దిక్కు నుంచో బళ్ళు వచ్చాయి. చాపలు, కుండలు, గాజులు, చెరుకు గడలు. మూడు రోజులు ఊరు ఊరంతా అక్కడే. నాలుగో రోజు పొద్దున్నే బళ్ళు కట్టారు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో తుంగమ్మ చెయ్యి వదిలేసి అచ్చి ఎటో పోయింది.

దుమ్ము అణిగింది. అచ్చి లేదు.

గుండ్ల వెనక చూశారు. కుప్పల కింద చూశారు. బావిలో చూశారు, బావిలో లేనందుకు ఒకసారి ఏడ్చారు. ఇక మిగిలింది ఒకటే. పిల్ల ఏదో బండి ఎక్కి ఉండాలి. జాతర నుంచి దారులు మూడు. ఏటి దారి, కోట దారి, కనుమ దారి. మొదటి రెండు దారుల్లో బళ్ళు దగ్గర ఊళ్ళకే పోతాయి. ఇల్లిల్లూ వెతకొచ్చు. మూడోది కొండల నడుమ సందులోంచి పోయే కనుమ దారి. ఎద్దుల బండి రోజంతా నడిస్తే ఒక ఆమడ పోతుంది. కనుమ మూడు ఆమడల దూరం. మూడో రోజు పొద్దువాలేసరికి బళ్ళు కనుమ దాటుతాయి. దాటాక అవతల వేరే సీమ, వేరే భాష. అక్కడ ఏ తప్పెటా వినపడదు.

వెంకోబయ్య మారెన్న గుడిసెకు పరుగెత్తాడు. ఆ పదకొండు గుడిసెల వైపు ఆయన రావడం అదే మొదటిసారి.

“మారెన్నా, నా బిడ్డ తప్పిపోయింది. చాటు.”

మారెన్న గడ్డి అంటించాడు. తప్పెట సెగకు పట్టాడు. “కూర్చో సామీ. చూస్తే ఎట్లుంది? వింటే ఎట్లుంది?”

“నీ ప్రశ్నలు నా దగ్గర వద్దు,” అన్నాడు వెంకోబయ్య. “ఇది బర్రె కాదురా, నా బిడ్డ. నేను చెప్పిన మాట చెప్పు. చంద్రబింబం వంటి ముఖం. తామర రేకుల వంటి కళ్ళు. బంగారు ఛాయ. అంతే, లే.”

మారెన్న ఆయన ముఖం చూశాడు. ఎదురు చెప్పే ముఖం కాదది. సగం కాగిన తప్పెటతోనే లేచాడు. దారికి ఏడుగురు చొప్పున బడిపిల్లలూ పరుగెత్తారు. చంద్రబింబం, తామర రేకులు, బంగారు ఛాయ అని మూడు దారుల్లోనూ అరిచారు. సాయంత్రానికి వట్టి చేతులతో తిరిగొచ్చారు. కోట దారిలో ఎవరో తెల్లటి పిల్లను పట్టుకొచ్చారు. ఆ పిల్ల తల్లి వెనకే తిట్టుకుంటూ వచ్చింది.

ఒక రోజు పోయింది.

పోలిక చాలలేదు కాబోలు అనుకున్నాడు వెంకోబయ్య. కూర్చుని ఒక పద్యం కట్టాడు. నాలుగు పాదాలు, పదకొండు పోలికలు. పిల్లలు దాన్ని నేర్చుకుని రెండో రోజు మళ్ళీ మూడు దారుల్లో పరుగెత్తారు. ఏటి దారి వాళ్ళు విని, బాగుంది, ఇంకొకటి పాడండి అన్నారు. కోట దారి వాళ్ళు అర్థం చెప్పమన్నారు. కనుమ దారిలో ఒక ఊరివాళ్ళు అమ్మవారి ఊరేగింపు వస్తోందనుకుని, చెప్పులు విడిచి కొబ్బరికాయ కొట్టారు. పిల్లలు కొబ్బరి ముక్కలతో తిరిగొచ్చారు.

రెండు రోజులు పోయాయి.

మూడో రోజు పొద్దున వెంకోబయ్య అరుగు మీద కూర్చుని లెక్క వేశాడు. ఇవాళ పొద్దువాలేసరికి బళ్ళు కనుమ దాటుతాయి. పిల్లలు కాళ్ళలో ప్రాణం పెట్టి పరుగెత్తినా మూడు ఆమడలు పోయేసరికి చీకటి పడుతుంది. ఒక జాము తక్కువ. మళ్ళీ వేశాడు. ఒక జాము తక్కువే. ఎన్నిసార్లు వేసినా ఆ జాము దొరకలేదు.

తుంగమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

“ఆ మారెన్న ఏదో అడిగాడట కదా. అడగనివ్వండి.”

వెంకోబయ్య లేచాడు. ఈసారి పరుగెత్తలేదు. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి గుడిసె ముందు నిలబడ్డాడు.

“మారెన్నా,” అన్నాడు, “అడుగు.”

మారెన్న గోడకున్న తప్పెట తీశాడు. మూడు రాళ్ళ మధ్య గడ్డి పేర్చి అంటించాడు. తప్పెట సెగకు పట్టాడు.

“నిన్నొక్కణ్ణే అడగను సామీ. పాపతో ఆడుకున్నోళ్ళను కూడా పిలువు.”

ఇరవై ఒక్కమంది వచ్చి మంట చుట్టూ కూర్చున్నారు. బడి పందిరి దాటి, ఊరు దాటి, మారెన్న గుడిసె ముందు, మట్టిలో.

“చూస్తే ఎట్లుంది?” అన్నాడు మారెన్న.

“బంగారు బొమ్మలా,” అన్నాడు కుమ్మరి బసప్ప కొడుకు చంద్రాయుడు. బడిలో వాడే మొదటివాడు.

మారెన్న తప్పెట మీద వేలితో తట్టాడు. బద్ద్ అంది.

“కాగలేదు. మీ ఇంట్లో బంగారు బొమ్మ ఉండాదా అబ్బీ?”

“లేదు.”

“దారిలో కూర్చుని దుక్కిటెద్దుకు మేతేసేవాడి ఇంట్లో?”

“లేదు.”

“మరి వాడికి పాప ఎట్లా కనపడుతుంది? నువ్వు చెప్పే మాట వాడింట్లో దీపం పెట్టాల. వాడికి తెలిసిన వస్తువు ఒకటి వెలగాల. ఇంకొకరు.”

“కోతిపిల్లలా గెంతుతుంది,” అంది కరణం కూతురు శేషక్క.

తప్పెట బద్ద్ అంది.

“నువ్వు గెంతవా పాపా?”

“గెంతుతాను.”

“ఈ పక్కనున్న ఈరన్న గెంతడా?”

“గెంతుతాడు.”

“అయితే ఇప్పుడు నువ్వు చెప్పింది ముగ్గురికీ సరిపోయింది. ముగ్గురికి సరిపోయిన మాట ఒకరిని పట్టుకురాదు. పాపకే సరిపోయేది ఏముంది?”

పిల్లలు తలలు గోక్కున్నారు. వెంకోబయ్య ఆకాశం వైపు చూశాడు. ఎండ గుండు భుజం దాటింది.

“పొద్దుపోతోంది మారెన్నా.”

“కాగని తప్పెట రెండు రోజులు కొట్టినాం సామీ. ఇంకొక్క రోజు కొట్టమంటే కొడతా.”

వెంకోబయ్య ఇంకో గుప్పెడు గడ్డి మంటలో వేశాడు.

మారెన్న గొర్రెలవాడి కొడుకు ఈరన్న వైపు తిరిగాడు. బడిలో ఒక్క పోలికా సరిగ్గా అప్పజెప్పలేనివాడు వాడే.

“అబ్బీ, మీ మందలో ఎన్ని గొర్రెలు?”

“అరవై నాలుగు.”

“అన్నీ ఒకటేగా ఉంటాయి కదా. మీ కుంటిదాన్ని దూరం నుంచి ఎట్లా గుర్తుపడతావు?”

“అది మంచం కోడు పొట్టిదైనట్టు నడుస్తుంది.”

డం, అంది తప్పెట.

“కాగుతోంది. అచ్చి పాప ఎట్లా నడుస్తుంది?”

ఈరన్న లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని, అచ్చి నడిచినట్టే నాలుగడుగులు వేశాడు. ఒక పక్కకు ఒరిగి, ఒక చెయ్యి దూరంగా పెట్టి. “చంకలో నిండు బిందె ఉన్నట్టు నడుస్తుంది. బిందె ఉండదు గాని.”

డం.

శేషక్క ఎగిరి గంతేసింది. “దాని ముందు పళ్ళ మధ్య సందు ఉంది. తలుపు ఓరగా వేసినట్టు. ఆ సందులోంచి నాలుక తొంగిచూస్తుంది.”

డం.

“వింటే ఎట్లుంది?” అన్నాడు మారెన్న.

“నవ్వు...” అన్నాడు చంద్రాయుడు. మొదటివాడికి మొదటిసారి తొందర లేదు. “సన్నగా మొదలవుతుంది. మధ్యలో ఆగుతుంది. తర్వాత ఒక్కసారే అంతా... మా అమ్మ చేటలోకి కందులు పోస్తే వచ్చే చప్పుడు అది. ముందు నాలుగు గింజలు, తర్వాత గలగలా.”

డం.

ఇరవై ఒక్కమందీ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ముప్పై ఆరు రోజుల్లో నేర్వనిది ఒక గడ్డిమంట ఆరేలోపు వచ్చేసింది. మారెన్న చెయ్యి ఎత్తాడు.

“మీవి మూడు చాలు. వినేవాడి గుప్పిట్లో పట్టాల. ఇంకో మాట. ఎదురుగా ఉన్నవాడికి చెప్పేటప్పుడు లాగా, వంటి అనుకోండి, తప్పులేదు. లోయ అవతలోడికి అరిచేటప్పుడు మటుకు వాటిని ఇక్కడే వదిలెయ్యండి. గాలికి పోయేవి అవే. చంకలో నిండు బిందె అనండి. వాడే అర్థం చేసుకుంటాడు.”

ఆ మాటకు ఇంత దుఃఖంలోనూ వెంకోబయ్య తల ఎత్తాడు. ఉపమకూ రూపకానికీ తేడా చెప్పడానికి ఆయన బడిలో ఎనిమిది రోజులు తీసుకుంటాడు.

“ఇప్పుడు నువ్వు సామీ,” అన్నాడు మారెన్న. “పాప ఎట్లుంటుంది?”

వెంకోబయ్య నోరు తెరిచాడు. చంద్రబింబం నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాడు. ఇంకేదైనా వస్తుందేమోనని చూశాడు. రాలేదు. నాలుగేళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పిల్ల. పళ్ళ సందు సంగతి ఇప్పుడు శేషక్క చెబితే తెలిసింది. ఒంటిపక్క నడక ఈరన్న చూపిస్తే తెలిసింది. నూట ఎనిమిది పోలికల వెనక పిల్ల ఎక్కడో దాక్కుంది. వెతకడానికి ఆయనకు ఒక్క దారీ లేదు.

“నాకు తెలియదు మారెన్నా,” అన్నాడు. “నేను చూడలేదు.”

పిల్లలు నేల చూపులు చూశారు. అయ్యవారు తెలియదనడం వాళ్ళు ఎన్నడూ వినలేదు.

“చూడకపోతే పోనీ,” అన్నాడు మారెన్న. “తాకినావు కదా. కళ్ళు మూసుకో.”

వెంకోబయ్య కళ్ళు మూసుకున్నాడు. మంట చిటపటమంది. ఆయన కుడిచేతి బొటనవేలు దానంతట అదే కదిలింది.

“నిద్రపోయేటప్పుడు నా బొటనవేలు పట్టుకుంటుంది.”

“అందరు పిల్లలూ పట్టుకుంటారు సామీ. అచ్చి ఎట్లా పట్టుకుంటుంది?”

“ముందు ఒక వేలు చుడుతుంది. తర్వాత రెండోది, తర్వాత మూడోది. ఒక్కొక్కటే. ఒకసారి చుట్టాక లాగినా రాదు.” కళ్ళు తెరిచాడు. “సొరతీగ పందిరి గుంజను పట్టుకుంటుంది చూడు. అట్లా.”

మారెన్న వేలితో తట్టలేదు. పుల్ల తీసి కొట్టాడు. ఆ డం తొమ్మిది గుండ్లకూ తగిలి తొమ్మిదిసార్లు తిరిగొచ్చింది.

“కాగింది,” అన్నాడు.

పిల్లలు పరుగెత్తారు. మారెన్న ఊరి చివరి గుండు దగ్గర నిలబడి లోయ మీదికి అరిచాడు. డం డం డం.

“నడిస్తే చంకలో నిండు బిందె. నోరు తెరిస్తే ఓరగా వేసిన తలుపు. నవ్వితే చేటలో కందులు. నిద్రపోతే సొరతీగ. నాలుగేళ్ళ పాప. చూసినోళ్ళు చెప్పండహో.”

ఇప్పుడు ఆ ఒక జాము సంగతి వినండి.

లోయలో ఒక గొర్రెలకాపరి ఈ మాట విన్నాడు. వాడికి బిందె తెలుసు, తలుపు తెలుసు, చేట తెలుసు, సొరతీగ తెలుసు. వాడికి ఎవరూ చెప్పమనలేదు. అయినా అవతల గట్టు మీద ఉన్న ఇంకో కాపరికి కేకేసి చెప్పాడు. ఆ కాపరి కట్టెలు కొట్టేవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు బాట మీద పోయే గుర్రపువాడికి చెప్పారు. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు అవతలి ఊరి ఆడవాళ్ళకు చెప్పారు. చంద్రబింబాన్ని ఒక్కరూ ఒక్క అడుగు ముందుకు మొయ్యలేదు. చంకలో బిందెను మటుకు అందరూ మోశారు. పిల్లలు ఒక ఊరు చేరేసరికి ఆ ఊరివాళ్ళే ఎదురొచ్చి, “మాకు తెలుసు, మేము అప్పుడే ముందుకు పంపేశాం,” అనేవాళ్ళు. పిల్లల కన్నా మాట ముందు పరుగెత్తింది. పిల్లలు ఒక జాము వెనకబడ్డారు. మాట రెండు జాములు ముందుపడింది.

పొద్దువాలక ముందే, కనుమ మొదట్లో ఎద్దులకు నీళ్ళు పెట్టుకునే చోట, ఎర్రక్క అనే చాపలమ్మి ఈ మాట విన్నది. కట్టెలమ్మే మనిషి ఒకడు ఎవరికో చెబుతూ పోతున్నాడు. ఎర్రక్క కదలకుండా కూర్చుంది. కదలడానికి లేదు. ఆమె ఒళ్ళో చాపల మధ్య ఒక పాప నిద్రపోతోంది. ఆమె బొటనవేలు ఆ పాప చేతిలో ఉంది. ఒక వేలు, రెండో వేలు, మూడో వేలు.

“ఒరే అబ్బాయ్,” అని బండివాణ్ణి పిలిచింది ఎర్రక్క. “ఎద్దుల్ని వెనక్కి తిప్పు. సొరతీగ నా దగ్గరుంది.”

అక్కడి నుంచి మూడో నాటి సాయంత్రం చాపల బండి తొమ్మిదిగుండ్లపల్లెకు వచ్చింది. అచ్చి దిగింది. చంకలో లేని బిందె పెట్టుకుని తల్లి దగ్గరికి నడిచింది. ఊరు ఊరంతా ఆ నడక చూసి నవ్వింది, ఏడ్చింది.

ఎర్రక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. “ఇంతకీ ఆ చంద్రబింబం దొరికిందా?”

“ఏ చంద్రబింబం?” అన్నాడు వెంకోబయ్య.

“మొదటి రోజు మధ్యాహ్నం బండి ఆపి అన్నం తింటుంటే, పది అడుగుల దూరంలో పిల్లలు నిలబడి అరిచారయ్యా. ఎవరో చంద్రబింబమంట, బంగారు ఛాయంట. నేను ఈ పిల్లను చూశా. చామనఛాయ, ముక్కు కారుతోంది. ఇది ఆ దొరబిడ్డ కాదులే అనుకున్నా. దీన్ని మీ నాన్న పేరేందే అంటే నాన్న అంటుంది. ఇంకేం చెయ్యను? వచ్చే ఏడు జాతరకు తెచ్చి అడుగుదామనుకున్నా.”

పది అడుగులు. వెంకోబయ్య ఆ మాట మూడుసార్లు మనసులో అనుకున్నాడు. మూడు ఆమడలు ఎక్కడ, పది అడుగులు ఎక్కడ.

ఆ రోజు నుంచి వెంకోబయ్య నోట “ఏరా” అనే మాట పోయింది. మరుసటి పొద్దున తాటాకుల కట్ట తీసుకుని మారెన్న దగ్గరికి వెళ్ళి, “వీటిని ఏం చెయ్యమంటావు?” అని అడిగాడు.

“దాచి పెట్టు సామీ,” అన్నాడు మారెన్న. “తామర ఉన్న ఊరివాళ్ళకు తామర మంచిదే. వాళ్ళు చూసింది వాళ్ళు చెప్పినారు. మనం చూసింది మనం చెబుదాం.”

“అయితే బడికి రా. పిల్లలకు నేర్పు.”

మారెన్న పందిరి వైపు చూశాడు. ఊరి వైపు చూశాడు. నవ్వాడు.

“నేను వస్తే సగం పిల్లలు ఇళ్ళకు పోతారు సామీ.”

వెంకోబయ్య ఆలోచించాడు. మర్నాడు ఇరవై ఒక్క ఇసుక పలకలూ పిల్లల నెత్తిన పెట్టించి, బడినే మారెన్న గుడిసె ముందుకు తెచ్చాడు. అయిదుగురు ఇళ్ళకు పోయారు. నెల తిరిగేసరికి వాళ్ళలో ముగ్గురు వచ్చేశారు. మారెన్న గుడిసెల పిల్లలు తొమ్మిదిమంది కొత్తగా కూర్చున్నారు. ఇరవై ఒకటి కాస్తా ఇరవై ఎనిమిదయింది. వారానికొక రోజు అక్షరాల్లేని బడి. తప్పెట సెగకు పెట్టడం, మూడు ప్రశ్నలు అడగడం, అంతే. పదహారేళ్ళు అట్లా నడిచింది.

పదహారో ఏడు ఎండాకాలంలో మారెన్న పోయాడు. ఒక మధ్యాహ్నం చెప్పులు కుట్టుకుంటూ, దారం నోట పట్టుకుని అట్లాగే ఒరిగాడట.

ఊరికి చిక్కొచ్చిపడింది. చావు కబురు చాటేది మారెన్న. మారెన్న చావు ఎవరు చాటాలి? మారెన్నకు కొడుకుల్లేరు. ఊరి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు వెంకోబయ్య కూతురు అచ్చమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ళది. పెళ్ళయి ఒక బిడ్డ తల్లి. నడక మాత్రం మారలేదు. గుడిసెలోకి వెళ్ళి గోడకున్న తప్పెట తీసింది. అయ్యవారి కూతురు ఆ తప్పెట ముట్టుకోవచ్చా అని ఎవరో సణిగారు. ముసలి వెంకోబయ్య మూడు రాళ్ళ మధ్య గడ్డి పేరుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

“కాగనివ్వండి. మధ్యలో మాట్లాడకండి.”

తప్పెట కాగేలోపు అచ్చమ్మ తనను తాను మూడు ప్రశ్నలు అడుక్కుంది. తర్వాత ఊరి చివరి గుండు దగ్గర నిలబడింది. డం డం డం.

“మారెన్న తప్పిపోయినాడు. వీపు చూస్తే కొడవలి. అరచెయ్యి తాకితే తప్పెట తోలు. మాట వింటే ఇంటి దారి. చూసినోళ్ళు రండహో.”

లోయలో ఎవరో అందుకున్నారు. అవతల గట్టు మీద ఎవరో అందుకున్నారు. సాయంత్రానికి పదిహేడు ఊళ్ళ జనం వచ్చారు. మర్నాటి సాయంత్రానికి కనుమ అవతలి నుంచి, వేరే భాష మాట్లాడేవాళ్ళు కూడా ముగ్గురు వచ్చారు. ఊరివాడా, ఊరి బయటివాడా అని అడిగి రాలేదు. విన్నారు, గుర్తుపట్టారు, వచ్చారు.

తొమ్మిది గుండ్లలో ఎనిమిదింటికి ఇప్పటికీ పేర్లు లేవు. తొమ్మిదోది మారెన్న గుండు. ఆ సీమలో బిడ్డకు పేరు పెట్టిన రోజున చుట్టూ కూర్చున్నవాళ్ళు బిడ్డను చంద్రబింబం అనరు. మూడు ప్రశ్నలు వేసుకుని, ఆ బిడ్డకే సరిపోయే ఒక గుర్తు చెబుతారు. తండ్రి తప్పకుండా ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే, “పోయి బిడ్డ పక్కన పడుకుని రా,” అని పంపిస్తారు. ఆలోచించకుండా ఎవరైనా నోటికొచ్చింది అనేస్తే, “తప్పెట కాచావా?” అంటారు.

అక్కడి బడుల్లో ఈ రోజుకీ ఎవరైనా పిల్లో పిల్లవాడో పద్యానికి ఒక పోలిక రాసి చదివితే, మిగిలిన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోరు. బల్ల మీద వేలితో మూడుసార్లు కొడతారు. డం డం డం. కొట్టి, బడి అంతా ఒక్క గొంతుతో ఒకటే అడుగుతుంది.

“తప్పిపోతే దొరుకుతుందా?”

దొరుకుతుందంటే ఉంచుతారు. దొరకదంటే మళ్ళీ చూసి రాస్తారు.

ఊ కొట్టినవాళ్ళందరికీ ఈ కథ చెందుతుంది. పక్కనున్నవాణ్ణి ఒకసారి సరిగ్గా చూసి మరీ లేవండి.